మాత్ర మీది గులాబీ పూత

నాన్నకు జ్వరం వచ్చిన ఆ రోజులు నాకు కలలాగే గుర్తున్నాయి. ఎమ్మిగనూరులో మా పుట్టింట్లో మధ్యాహ్నాలు చుట్టుపక్కల మగ్గాల చప్పుడు, కిటికీ పరదా మీద ఎండ, మంచంలో నాన్న దగ్గు. మగత నిద్రలో ఆయన వేళ్లు గాలిలోనే తెగిన పోగులు ముడేస్తుండేవి. పక్కన కూర్చుని చూస్తుంటే నాకూ కళ్లు మూతలు పడేవి.

ఆదోని డాక్టరు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందని చెప్పి రాసిన మాత్రలు నేనే కొని అమ్మ చేతికిచ్చాను. పూట తప్పకుండా వేస్తున్నా జ్వరం దిగలేదు. ఒక పొద్దున డాక్టరు, రేపటికి తగ్గకపోతే కర్నూలులో చేర్పించాల్సిందే అన్నాడు. అంత దూరం తీసుకెళ్తే మనిషి తిరిగొస్తాడా అని నాకు ఒకటే భయం.

ఆ మధ్యాహ్నమే చూశాను. వంటింటి గడపలో కూర్చుని అమ్మ మాత్రను తడిగుడ్డలో పెట్టి రుద్దుతోంది. ఇంకా మిగిలిన గులాబీ రంగును గోటితో గీకి, తెల్లగా చేసి మరీ పళ్లెంలో పెట్టింది. ఇదేం పనని అడిగితే తీరిగ్గా తలెత్తింది.

"రంగు దిగుతాంది సూడు. ఇది మీ నాయిన కడుపులోకి పోతే ఏమన్నా ఉందా?"

కొత్త నూలు వస్తే తడిగుడ్డతో రుద్ది, రంగు దిగదని తేలాకే మగ్గమెక్కించే మనిషి. తెలిసినా నాకు ఒళ్లు మండింది. కోపమొస్తే నా నోటికి అడ్డూ ఆపూ ఉండదు. నాలుగు మాటలు అనేసి, డాక్టరుకు ఫోన్ కలిపి ఆమెకూ వినబడేలా పెట్టాను.

కొన్ని మందులు కడుపులోని పులుపును వాటంతటవే తట్టుకుంటాయట. ఈ మందు తట్టుకోలేక పాడైపోతుందట. అందుకే ఆ పూత. అది పులుపులో కరగదు, మాత్ర పేగులోకి దిగాకే కరిగి మందును వదులుతుంది. పూతతోనే వేయండి, ఇంకొక్క రోజు చూద్దాం అన్నాడు. వింటుంటే నా కళ్ల ముందు ఆ చిన్న మాత్ర చీకట్లో, పుల్లటి నీళ్లలో, మెల్లగా దొర్లుకుంటూ పోయింది.

"పడుగుకు గంజి పెట్టినట్ల," అని గొణిగింది అమ్మ. మగ్గం మీద పోగు తెగకుండా కాపాడి, ఆనక ఉతుకులో పోయేదే కదా గంజి. అంతలోనే ఆమె ముఖం పాలిపోయింది. ఇన్నాళ్లూ ఆయనకు మందు అందకుండా చేసింది తానేనని ఏడ్చింది. ఇక తాను మాత్ర ముట్టుకోనని, నన్నే వేయమని చేతులు కొంగులో చుట్టుకుంది.

మాత్ర, నీళ్లు పట్టుకుని నేనే వెళ్లాను. నాన్న కళ్లు తెరిచి నా చేతిని చూసి నోరు బిగించాడు. అంతా విన్నట్టున్నాడు. ఎంత బతిమాలినా తెరవలేదు.

"మీయమ్మను రమ్మను. ఆమె సేత్తోనే ఏసుకుంటా."

అమ్మ కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. కర్నూలు ప్రయాణం తప్పింది, జ్వరం మెల్లగా దిగింది. అది దిగేదాకా ప్రతి మాత్రా ఆయన ఆమె చేత్తోనే మింగాడు.