గుండిగను వాటేసుకున్న మధ్యాహ్నం

దయ్యాల కబుర్లు ఎవరైనా మొదలుపెడితే నాకు ఒళ్ళు మండుతుంది. మా అత్తగారు దిష్టి తీస్తానన్నా విసుక్కునే రకాన్ని. తవ్వకాల్లో దొరికిన లోహపు సామాను శుభ్రం చేయడం నా ఉద్యోగం. ఇన్నేళ్ళూ పాత వస్తువుల మధ్యే గడిపాను, ఏ మూలుగూ వినపడలేదు.

శంషాబాద్ దగ్గర కాలువ తవ్వుతుంటే కొన్ని వందల ఏళ్ళ నాటి వంటపాత్రలు బయటపడ్డాయి. అన్నిటిలోకీ పెద్దది ఒక రాగి గుండిగ, పెళ్ళివంటలకు సరిపోయేంత. చూడగానే ముచ్చటేసింది. లోపల అడుగున ఏదో మాడి బొగ్గై అంటుకుపోయి ఉంది. మాకు ఆ మాడే బంగారం. పరీక్షకు పంపితే ఆనాడు ఏం వండారో తెలుస్తుంది. అందుకని పాత్రను కడగం, వెదురు పుల్లతో మెల్లగా గీకుతాం.

సామాను పెట్టుకోవడానికి చేల పక్కన ఒక ఇనుప కంటైనర్ ఇచ్చారు. మే నెల. నాకప్పుడు ఐదో నెల. అందరూ భోజనానికి బయలుదేరితే, ఈ కాస్తా పూర్తి చేసి వస్తానన్నాను. మాడు పొడి గాలికి ఎగిరిపోతుందని ఫ్యాన్ ఆపి, తలుపు గట్టిగా లాగాను. బయట గడియ దానంతట అదే పడింది.

మొదట నవ్వొచ్చింది. తర్వాత ఎంత తోసినా తలుపు కదల్లేదు. ఇనుప గోడల మధ్య ఫోన్‌కి సిగ్నల్ లేదు. కరెంటు కూడా పోయింది. అరిచి చూశాను గానీ, పైన దిగుతున్న విమానాల మోతలో నా గొంతు నాకే వినపడలేదు. గోడ ముట్టుకుంటే చురుక్కుమంటోంది. నీళ్ళ సీసా బయట ఉండిపోయింది. కాసేపటికి కళ్ళు తిరగడం మొదలైంది. నా సంగతి సరే, కడుపులో ఉన్న ప్రాణం ఏమైపోతుందోనని ఏడ్చేశాను. ఆ భయం పగవాళ్ళకి కూడా వద్దు.

అక్కడే కూలబడితే వీపుకి గుండిగ తగిలింది. చల్లగా ఉంది. ఆ కొలిమిలో చల్లగా ఉన్నది అదొక్కటే. ఎందుకని ఆలోచించే ఓపిక నాకు లేదు. ఇటు తిరిగి, పొట్ట దానికి ఆనించి, రెండు చేతులా వాటేసుకున్నాను.

ఎంతసేపటికో తలుపు తెరుచుకుంది. వచ్చింది పక్క చేను ఎల్లమ్మ.

"బువ్వ మాడుతున్న వాసనొస్తుంది. పొయ్యి మీద ఇడిసిపెట్టి యాడికి పోయిండ్రు అందరు?" అంటూ లోపలికొచ్చింది.

లోపల పొయ్యి లేదు. నాకే వాసనా రాలేదు. నేను నోరు విప్పేలోపే ఆమె గుండిగ దించబోయినట్టు అంచు పట్టుకుని, చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఏంది బిడ్డా, గిట్ల కాలుతుంటే దాన్ని పట్టుకొని కూసున్నవ్?"

ఆమె వేళ్ళు బొబ్బలెక్కాయి. ఇద్దరం ఒకే ఆటోలో ఆసుపత్రికి వెళ్ళాం. పొయ్యి మీది గిన్నె పట్టుకున్నావా అని డాక్టర్ ఆమెను అడిగారు. నన్నూ చూసి, బిడ్డ గుండె చక్కగా కొట్టుకుంటోందన్నారు. నా చేతుల మీద గానీ పొట్ట మీద గానీ ఒక్క ఎర్ర మచ్చ లేదు.

రాగి గుణాలు నాకు బాగా తెలుసు. అయినా ఆ రోజు సంగతి ఏ వైపు నుంచి ఆలోచించినా లెక్క కుదరదు. ఎల్లమ్మ ఇప్పటికీ కనిపిస్తుంటుంది. మా పాపను ఎత్తుకుని, మచ్చలు పడ్డ ఆ వేళ్ళతో దాని బుగ్గలు నిమురుతూ అడుగుతుంది.

"మరి మీ ఇద్దరికెట్ల కాలలే బిడ్డా?"