బాయిలర్‌లో పోసే చన్నీళ్ళు

ఈవేళ పాత గీజరు విప్పేసి, కొత్తది నేనే బిగించుకున్నానండి. బకెట్టు వేణ్ణీళ్ళతో నిండగానే నా చెయ్యి దానంతటదే చన్నీళ్ళ చెంబు కోసం వెతికింది!

మన రాజోలు వైపు పెరళ్ళలో రాగి బాయిలర్లు గుర్తున్నాయా? మధ్య గొట్టంలో కొబ్బరి డొక్కలు మండుతుండేవి. పైన చన్నీళ్ళు పోస్తేనే పక్క గొట్టంలోంచి వేణ్ణీళ్ళు పడేవి. తలంటుకుని వచ్చినా జుట్టు పొగ వాసనేసేది. మనం పోసిన నీళ్ళు మన తర్వాత వాళ్ళకి కాగేవి. మన ఒంటి మీద పడేవి మన ముందు వాళ్ళు పోసినవి. మా ఇంట్లో మామ్మ ఎప్పుడూ ఆఖర్న స్నానం చేసేది, అయినా మర్నాడు పొద్దున్నవాళ్ళ కోసం బాయిలరు నింపే వచ్చేది.

మస్కట్ నుంచి వచ్చిన బాబాయి దాన్ని పీకేసి, తనే గీజరు బిగించేడు. మామ్మ చన్నీళ్ళ చెంబు పట్టుకుని గీజర్ని కిందా మీదా చూసింది.

"దీనికి ఎక్కడ పొయ్యాల్రా?"

"పొయ్యక్కర్లేదమ్మా. ట్యాంకులోంచి అవే వస్తాయి."

మామ్మ చెంబు కింద పెట్టింది.

"అయితే నాకెవరు పోసినట్టురా?"

బాబాయి స్క్రూడ్రైవరు పట్టుకుని గీజరు ముందు నిలబడిపోయేడు. ఇవాళ నేనూ అలాగే నిలబడ్డాను.