పసుపు అంటిన పాదం

"ఆంటీ, బస్ స్టేషన్ దాకా వస్తావా?"

"స్కూలు వదిలే టైమైందమ్మా. పిల్లల్ని తేవాలి."

మా ఇద్దరి మధ్యా ఆఖరి మాటలు అవే. ఆమె ఇంగ్లీషులో అడిగింది, నేను సగం ఇంగ్లీషు సగం తెలుగు కలిపి చెప్పాను. కథంతా అయ్యాక రావలసిన మాటలని తెలుసు. అయినా వీటినే ముందు రాయమన్నాను నా మేనకోడలితో. మా తమ్ముడి కూతురు, ఇక్కడే నాటింగ్‌హామ్‌లో మాస్టర్స్ చదువుతోంది. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే అది ఫోనులో కొడుతోంది.

"ఎవరత్తా ఆవిడ? అది చెప్పకుండా బస్ స్టేషన్ అంటే ఎవరికి తెలుస్తుంది?" అంటోంది.

చెబుతాను. ముందు నా సంగతి కొంచెం చెప్పాలి.

మేం ఈ ఊరికి రెండు వేల ఎనిమిదిలో వచ్చాం. మా ఆయన ఒక టేకవే హోటల్లో, పార్సిళ్ళు కట్టిచ్చే చోట, వంట చేసేవారు. నాలుగేళ్ళు తిరక్కుండానే గుండె ఆగి పోయారు. అప్పటి నుంచీ చెల్లెలింట్లో ఉన్నాను. చెల్లెలు హాస్పిటల్లో నర్సు, దాని భర్తది కంప్యూటరు ఉద్యోగం. "అక్కా, నువ్వు ఇంట్లో ఉంటేనే నా డ్యూటీల రోటా నడుస్తుందే" అనేది చెల్లెలు. ప్రేమగానే అనేది. వంట, పిల్లలు, ఇస్త్రీ, స్కూలు గేటు. ఆ గేటు దాటి నేనొక్కదాన్నే ఎటూ వెళ్ళలేదు. బస్సెక్కితే ఎక్కడ దిగాలో తెలియదు, అడిగితే వాళ్ళు చెప్పింది అర్థం కాదు. నన్ను లోపల పెట్టి ఎవరూ తాళం వేయలేదు. తాళంచెవి నా బొడ్లోనే ఉండేది. అయినా వెళ్ళలేదు.

రెండు వేల పద్నాలుగులో పై అటక గది అద్దెకిచ్చారు. వచ్చినామె యుక్రెయిన్ దేశపు పిల్ల. బ్యాలే డ్యాన్సరు. వేళ్ళ కొసల మీద నిలబడి ఆడతారే, ఆ ఆట. సన్నగా, నిటారుగా ఉండేది. నడుస్తుంటే పాదాలు రెండూ చెరో దిక్కుకీ తిరిగి ఉండేవి. మా మరిది చూసి, "వదినగారూ, బాతులా నడుస్తోందండీ, ఇదేం డ్యాన్సరు?" అన్నాడు.

"నువ్వు మాత్రం నెమలివా" అంది చెల్లెలు లోపలి నుంచి.

వచ్చిన వారానికే పైనుంచి తలుపు టకటకా కొట్టుకుంటున్న చప్పుడు. వెళ్ళి చూస్తే, కొత్త బూట్లు, గులాబీ రంగు సిల్కు బట్టవి, తలుపు సందులో పెట్టి నొక్కుతోంది. తరవాత బూటు లోపలి అట్ట వంచింది, అడుగున కత్తితో గీకింది. మతి పోయిందనుకున్నాను. కొత్తవి అలాగే వేసుకుంటే కొయ్యలాగా ఉంటాయట, పాదానికి లొంగేదాకా వాటిని విరవాలట. కట్టుకునే రిబ్బన్లు కూడా ఎవరివి వాళ్ళే కుట్టుకుంటారు, పక్కవాళ్ళ చెయ్యి పడనివ్వరు. పళ్ళ సందులు శుభ్రం చేసుకునే దారం ఉంటుందే, దానితో కుట్టేది, తెగకుండా. ఊళ్ళో నేను ఎందరి జాకెట్లు కుట్టానో. "ఇలా ఇవ్వు, చక్కగా కుడతాను" అని చెయ్యి చాపితే, బూటు వెనక్కి తీసుకుంది. "నో, ఆంటీ. మై ఫుట్, మై నీడిల్."

సాయంత్రాలు వంటింట్లో నా ఎదురుగా కూర్చునేది. గుప్పెడన్నం తిని ప్లేటు మీద చెయ్యి అడ్డం పెట్టి "చాలు" అనేది. ఆమెకు వచ్చిన మొదటి తెలుగు మాట అదే. చెల్లెలు డ్యూటీ లేని రోజుల్లో మా ఇద్దరి మధ్యా కూర్చుని ఆమె చెప్పింది నాకు చెప్పేది. వాళ్ళది తూర్పున బొగ్గు గనుల ఊరట. తల్లి గని క్యాంటీన్లో వంట. పదేళ్ళ పిల్లప్పుడు రాజధానిలో డ్యాన్సు బడికి తీసుకెళ్ళారు. అక్కడ కాళ్ళు ఎంత దూరం వంగుతాయో చూశారు, మెడ కొలిచారు, ఆపైన తల్లిని కూడా అటూ ఇటూ తిప్పి చూశారట, కూతురు రేపు ఎంత లావవుతుందోనని.

"మన పెళ్ళిచూపులే నయం. పిల్లనొక్కదాన్నే చూసి వదిలేస్తారు" అన్నాను. చెల్లెలు ఇంగ్లీషులో చెబితే ఆ అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది.

అక్కడ హాస్టల్లోనే పెరిగింది. చదువయ్యాక డ్యాన్సు కంపెనీలతో ఊళ్ళు తిరిగి తిరిగి, చివరికి ఇక్కడి కంపెనీలో పని దొరికింది. ఎన్నేళ్ళు ఆడినా వెనక వరసే. ముందు ఇద్దరు ఆడుతుంటే వెనక ఇరవై మంది తెల్లగౌన్లలో కదలకుండా నిలబడాలి. ముక్కు దురద పెట్టినా గోక్కోకూడదు, పిక్క పట్టేసినా మొహంలో తెలియకూడదు. ఎగరడం కన్నా అలా నిలబడి ఉండటమే కష్టమని చెప్పింది. ఆ మాట మాత్రం చెల్లెలు చెప్పకముందే నాకు అర్థమైంది.

ఆ ఏడాదే వాళ్ళ ఊళ్ళో యుద్ధం మొదలైంది. తల్లి ఫోనులో "రావద్దు" అనేదట, అంతకన్నా మాట్లాడేది కాదట. ఈ దేశంలో ఉండటానికి ఆ అమ్మాయికి ఉన్నది కంపెనీ ఇచ్చిన కాగితం ఒక్కటే. ఆ చలికాలానికి గడువైపోతుంది. అలాంటప్పుడు, మొదటిసారి, వరసలోంచి బయటికి వచ్చి ఒక్కతే ఆడే చిన్న పాత్ర ఇచ్చారు. అది బాగా ఆడితే కాగితం పొడిగిస్తారు. లేకపోతే వెళ్ళిపోవాలి. ఎక్కడికి వెళుతుంది?

ఆ మాట చెప్పిన కొద్ది రోజులకే మెట్ల మీద ఆమె అడుగుల చప్పుడు మారింది. ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా. పట్టుకుని కూర్చోబెట్టి చూస్తే ఎడమ పాదం మీద వాపు. చెల్లెలు డ్యూటీ నుంచి వచ్చి కోటు కూడా తీయకుండా చూసింది.

"అక్కా, ఇది ఎముకేమోనే. జీపీ దగ్గరికి వెళ్ళమను."

"నో జీపీ" అంది ఆ అమ్మాయి. జీపీ అంటే ఇక్కడి మామూలు డాక్టరు. ఆయనకి తెలిస్తే కంపెనీకి తెలుస్తుంది, పాత్ర పక్కదానికి పోతుంది. "ప్లీజ్. టూ వీక్స్."

చెల్లెలు నర్సుగా తిట్టాల్సింది తిట్టి పైకెళ్ళి పడుకుంది. నేను పసుపు, ఉప్పు, నువ్వుల నూనె వేసి వెచ్చజేసి పట్టు వేశాను, పాత చీర ముక్కతో కట్టాను. "రంగు పోదమ్మా, చూసుకో" అని నా పాదం చూపించి, వేళ్ళు రుద్దుతున్నట్టు సైగ చేసి మరీ చెప్పాను. తల ఊపింది. తెల్లారి నొప్పి తగ్గిందంది. మర్నాడూ వేయమంది. ఆ పైన తనే గిన్నె తెచ్చి నా ముందు పెట్టేది. పాదం పైన బంగారం పూసినట్టు పచ్చగా అయింది. సబ్బుతో తోమేది, మేజోళ్ళు తొడిగేది, వెళ్ళేది. మేజోడు కప్పేస్తుందనుకుంది.

కంపెనీలో కాళ్ళూ కీళ్ళూ చూసే ఫిజియో ఒకడు ఉన్నాడు. ఆటకి ముందు అందరి పాదాలూ చూస్తాడట. ఈమె మేజోడు తీయించాడు. కమిలిన దెబ్బ పాతబడితే చర్మం పచ్చబడుతుంది కదా, ఆ పచ్చ అనుకున్నాడు. ఎన్నాళ్ళుగా దాస్తున్నావని అడిగాడు. ఇది కూరల్లో వేసే పసుపని చెబితే అక్కడున్నవాళ్ళందరూ నవ్వారట, ఈమె కూడా నవ్విందట. అతను నవ్వలేదు. బొటనవేలు పెట్టి నొక్కాడు. అంతే, ఈమె గోడ పట్టుకుంది. ఎక్స్‌రేలో సన్నటి గీత కనిపించింది. ఎముక విరిగి ఉంది.

మోకాలి దాకా ప్లాస్టిక్ బూటు వేయించుకుని వచ్చి వంటింట్లో కూర్చుంది. నేను పసుపు డబ్బా వైపు చూశాను.

"యెల్లో కాదు, ఆంటీ. బోన్" అంది. "బోన్" అని మళ్ళీ అంది, చిన్నపిల్లకి చెప్పినట్టు.

పాత్ర ఇంకో అమ్మాయికి ఇచ్చారు. రెండు రోజులు పైనుంచి ఏ చప్పుడూ లేదు. మా చెల్లెలి చిన్నపిల్ల మెట్ల కింద నిలబడి "పెద్దమ్మా, వై ఈజ్ షీ సో క్వైట్?" అని అడిగింది. మూడో నాడు ఆ అమ్మాయే కిందికి దిగి, కొత్త జత బూట్లు, రిబ్బన్లు, ఆ పళ్ళ దారం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "నువ్వు కుట్టు, ఆంటీ."

అన్నాళ్ళూ కుడతానని అడిగినదాన్ని, అప్పుడు నా చెయ్యి లేవలేదు. తన కోసం కాదని చెప్పింది. పాత్ర దొరికిన పిల్ల పాదం కొలతా తన కొలతా ఒకటేనట, ఆ పిల్లకి ఇచ్చేస్తుందట. ఎవరి చెయ్యీ పడనివ్వని సూది నాకిచ్చింది, తన పాదం వాటిలోకి వెళ్ళదు గనక. కుట్టాను. కుట్టు కనబడకుండా, జాకెట్టుకి హుక్కులు కుట్టినంత దగ్గరగా. ఆమె ఎదురుగా కూర్చుని చూసింది. తప్పు పట్టలేదు. అదే నాకు బాధగా అనిపించింది.

కాగితం పొడిగించలేదు. తల్లి ఇంకా రావద్దనే అంటోంది. పోలండులో ఎవరో దూరపు చుట్టముందట, అక్కడ చిన్నపిల్లలకి నేర్పడానికి వెళుతోంది. ఇక తను స్టేజీ మీద ఆడదట. చెల్లెలు డ్యూటీలో ఉంది, మరిది ఆఫీసులో. గుమ్మంలో ఒక సూట్‌కేసు, కాలికి ఆ బూటు. ఇంగ్లీషు రాని నన్ను, దారి తెలియని నన్ను, అడిగింది. బస్ స్టేషన్ ఎంత దూరమో ఇప్పటికీ నాకు తెలియదు.

నిజానికి ఆ రోజు స్కూలు గంట కొట్టడానికి ఇంకా టైముంది. ఇది చెబుతుంటే మేనకోడలు ఫోను మీంచి తల ఎత్తింది.

"అయితే ఎందుకు వెళ్ళలేదత్తా?"

ఆమెతో వెళ్ళడం వస్తుంది. ఆమె బస్సెక్కాక ఒక్కదాన్నే తిరిగి రావడమే రాదు. అది ఆమెకు చెప్పలేక పిల్లల పేరు చెప్పాను. ఆమె నమ్మినట్టు తల ఊపింది. మా ఇంటి గేటు దాకా వెళ్ళి నిలబడ్డాను. సూట్‌కేసు చక్రాల చప్పుడు, ఒకటి గట్టిగా ఒకటి మెల్లగా ఆ అడుగులు, మలుపు తిరిగేదాకా వినపడ్డాయి.

ఐదేళ్ళయింది. పిల్లలు వాళ్ళంతట వాళ్ళే స్కూలుకి వెళ్ళి వస్తున్నారు. నేను ఇంట్లోనే ఉన్నాను.

చాలు, ఇక కొట్టకు. మొదటి నుంచి చదువు. గబగబా చదవకు. ఆమె అడిగింది చదివి కాస్త ఆగు, తరవాత నేను చెప్పిన జవాబు చదువు. బయటికి ఎలా వినపడుతుందో నేను వినాలి.