ఎత్తి తాగిన నీళ్ళు

మా కమలాపురంలో టీ అంగడి దగ్గర నేను కనబడితే చాలు, ఎవరో ఒకరు మొదలుపెడతారు. "ఏమప్పా, చైనావోడు మీ చేతికి చిక్కినాడంట గదా! ఎన్ని తగిలిస్తివి?" పటాలం నుంచి తిరిగొచ్చినవాడి దగ్గర జనానికి కావలసింది అదొక్కటే. నేను ఒక్క దెబ్బ కూడా కొట్టలేదంటే మొహాలు మాడ్చుకుంటారు. వాణ్ణి ఉంచిన గదిలో నేనూ భయపడ్డానని చెప్పబోతే గ్లాసు కింద పెట్టి లేచిపోతారు. అందుకే వాళ్ళకు చెప్పడం మానుకుని ఇక్కడ రాస్తున్నాను.

అప్పటికి సరిహద్దులో గొడవ ముదిరి కాల్పుల దాకా వచ్చింది. మా కంపెనీలో తెలుగువాళ్ళం ఇద్దరమే, నేనూ, కన్నడ సీమ అంచునున్న కోసిగివాడొకడూ. వాడి అమ్మానాన్నలు వానలు పడని ఏడల్లా పనులు వెతుక్కుంటూ పిల్లలతో సహా వలసపోయేవాళ్ళట. వాడి మాటల్లో సగం కన్నడం. నేను వెక్కిరిస్తే, "మీ కడపోళ్ళది మాత్రం యాడి తెలుగప్పా?" అని తిప్పికొట్టేవాడు. మంచులో ముడుచుకు కూర్చుని ఇద్దరం మా ఎండల గురించి గొప్పలు చెప్పుకునేవాళ్ళం. వాడు లేకపోతే ఆ చలిలో నాకు పిచ్చెక్కేది.

ఒక ఉదయం గస్తీకి పోయినవాళ్ళు కాల్పుల్లో చిక్కుకున్నారు. పొగమంచులో దారి కూడా కనబడలేదట. అందరూ వచ్చారు, కోసిగివాడు రాలేదు. శవమూ దొరకలేదు. మూడోనాటి మధ్యాహ్నం మావాళ్ళు చైనా సిపాయి ఒకణ్ణి పట్టుకొచ్చారు. వాడూ మాలాగే తుపాకి మోసుకుని కొండలెక్కే మామూలు సిపాయి. దారి తప్పి, గడ్డకట్టిన వాగు గట్టున పడి ఉన్నాడట.

రాళ్ళు పేర్చి కట్టిన గదిలో వాణ్ణి కూర్చోబెట్టారు. ఎదురుగా మా అధికారి, పక్కన వాళ్ళ భాష తెలిసిన కొండప్రాంతపు దుభాషి, తలుపు దగ్గర తుపాకితో నేను. మొదట పేరు అడిగారు, దళం అడిగారు. తర్వాత అధికారి గొంతు తగ్గించి, "మా మనిషి ఒకడు మీకు చిక్కాడా? ప్రాణంతో ఉన్నాడా?" అని అడిగాడు. వాడు నోరు తెరిచాడు గానీ మాట పెగల్లేదు. పెదవులు పగిలి నెత్తురు చారలు కట్టి ఉన్నాయి.

అప్పటికే డాక్టరు వచ్చి చూసి, ఒంట్లో నీరు లేదు, ఇంత ఎత్తులో ఇలాగే ఉంటే దక్కడని చెప్పి పోయాడు. సూది వేయబోతే వాడు గోడకు అతుక్కుపోయి జంతువులా అరిచాడు. నీళ్ళిస్తే తల తిప్పుకున్నాడు. విషం పెడతామని వాడి భయం. వీడు మా చేతుల్లో చస్తే అవతల మావాణ్ణి బతకనిస్తారా అని నా భయం. ఆ గదిలో ఎవరి భయం పెద్దదో ఇప్పటికీ చెప్పలేను.

"నువ్వు తాగి చూపించి వాడికియ్యి" అన్నాడు అధికారి నాతో. మగ్గు నిండా గోరువెచ్చని నీళ్ళు పోశారు. నేను తల వెనక్కి వంచి, మగ్గు పైకెత్తి, గడగడా నాలుగు గుక్కలు తాగి వాడి ముందు పెట్టాను. వాడు నా గొంతుకేసే చూస్తున్నాడు. చూసి, మోకాళ్ళు దగ్గరకు ముడుచుకున్నాడు. మళ్ళీ ఎత్తి తాగాను. ఈసారి వాడి కళ్ళలో భయం ఇంకా పెరిగింది. నాకు కోపం నషాళానికంటింది. "తాగి సావరా నాయనా! నీకు దండం పెడతా, మావాని పానం నీ నోట్లో ఉండాది" అని తెలుగులోనే అరిచేశాను.

వాడు పెదవులు కదిపాడు. దుభాషి వాడి నోటి దగ్గర చెవి పెట్టి విని, నావైపు వింతగా చూశాడు. "నువ్వు నాటకమాడుతున్నావంటున్నాడు. నిజంగా తాగేవాడు మగ్గు నోటికి ఆనించకుండా ఎందుకు తాగుతాడు అంటున్నాడు. అంచుకు ఏదో పూశారట, అందుకే నీ పెదవికి తగలకుండా చూసుకుంటున్నావట."

మా ఇంట్లో చెంబుకు మూతి పెట్టి తాగితే ఎంగిలి చేశావని మా అమ్మ ఆ చెంబును బూడిద పెట్టి తోమిందాకా ఊరుకునేది కాదు. ఎత్తి తాగడం నాకు నడకతో పాటే వచ్చింది. పక్కింటి సాయిబుల అమ్మ మాత్రం, "ఎత్తి తాగితే సగం నీళ్ళు నీ అంగీ తాగుతాండాది గదరా" అని నవ్వేది. ఆ అలవాటు ఇంత దూరం వచ్చి ఒకడి ప్రాణం మీదికి తెస్తుందని ఎవరనుకుంటారు?

మగ్గు తీసుకుని అంచును రెండు పెదవుల మధ్య పెట్టుకున్నాను. వాడికి వినబడేలా చప్పుడు చేస్తూ తాగాను. మింగి, నోరు తెరిచి చూపించాను. వాడు రెండు చేతులా మగ్గు అందుకున్నాడు. అంచు మీద నా పెదవి ఆనిన తడి ఎక్కడుందో వెతికి, మగ్గును అటువైపుకి తిప్పుకుని, సరిగ్గా అక్కడే నోరు పెట్టి తాగాడు. పొలమారినా ఆపలేదు.

కాసేపటికి వాడికి గొంతు వచ్చింది. "ఒకణ్ణి చూశాను. బతికే ఉన్నాడు. కాలికి కట్టు కట్టారు. వాడు ఏదేదో అంటున్నాడు, మా దుభాషికి కూడా అర్థం కాలేదు" అన్నాడట. ఎవరికీ అర్థం కాలేదంటే అది మా కోసిగివాడే! నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. కానీ వెంటనే ఇంకో భయం పట్టుకుంది. అక్కడ వాణ్ణీ ఇలాగే గోడకు ఆనించి అడుగుతుంటారు. వాడి ముందు ఎవరైనా తాగి చూపిస్తారా?

గొడవ సద్దుమణిగాక ఇటువాణ్ణి అటు, అటువాణ్ణి ఇటు అప్పగించుకున్నారు. కోసిగివాడు ఆసుపత్రి నుంచి నేరుగా ఇంటికి పోయాడు. నేను సెలవులో వాణ్ణి చూడటానికి కోసిగి వెళ్ళాను. వాడు నడవలో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను గుర్తుపట్టాడు, నవ్వలేదు. అక్కడ ఏం చేశారని అడిగితే తల వంచుకున్నాడు.

వాళ్ళమ్మ నన్ను గడప దగ్గరకు పిలిచి మెల్లగా చెప్పింది. "వచ్చినప్పట్నుంచి ఇట్లే ఉండాడప్పా. వాని రొట్టె వాడే కాల్చుకుంటాడు. కొళాయి కింద దోసిలి పట్టి తాగుతాడు. కన్నతల్లిని, నేనిస్తే ముట్టడు. నిద్దర్లో, చెంబుకు ఏమో పూసినారని కలవరిస్తాడు. మొన్న నేను తాగి సూపించి గూడా ఇస్తి. శానా భయపడె."

"ఎట్ల తాగి సూపిస్తివమ్మా?" అన్నాను. నాకు జవాబు తెలుసు. "ఎట్లేముందప్పా, అందరూ తాగినట్లే" అంటూ ఆమె చెంబు గాల్లోకి ఎత్తి చూపింది. వాడు లోపలి నుంచి ఆమె గొంతుకేసే చూస్తున్నాడు. ఆ చూపు నేను ఇంతకు ముందు చూసిందే.

ఆమె చేతిలోంచి చెంబు తీసుకుని, వాడి ఎదురుగా కూర్చుని, మూతి పెట్టి తాగాను. "అయ్యో, ఎంగిలి..." అనబోయి ఆమె ఆగిపోయింది. వాడు చెంబు అందుకుని, నా తడి ఉన్న వైపుకి తిప్పుకుని, ఖాళీ అయ్యేదాకా తాగాడు.

ఆమె చెంబు మళ్ళీ నింపుకొచ్చి, కొడుకు ముందు కూర్చుంది. "నా జన్మలో చెంబుకు మూతి పెట్టి ఎరగనప్పా" అంది నాతో. పెదవులు ఆనించి తాగి, ఆ వైపే తిప్పి వాడి చేతికిచ్చింది.