సొరకాయ కూర, డజను అరటిపండ్లు

మా తమ్ముడికి సొరకాయ అంటే ఒళ్లుమంట. ఈ సంగతి ముందే ఎందుకు చెప్తున్నానంటే, వాడు సరిహద్దు యుద్ధంలో చనిపోయిన మర్నాడు ఓ టీవీ వాళ్లు అమర జవానుకు ఎంతో ఇష్టమైన వంటకం సొరకాయ అని పొద్దంతా చెప్పారు. ఏడుస్తూ ఉండగానే నాకు కోపం నషాళానికి ఎక్కింది. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా దిగలేదు.

వాళ్లకు ఆ మాట చెప్పింది మా ఇంటి ఓనరమ్మ. కొత్తపేటలో ఆమె ఇంట్లో పై పోర్షన్‌లో మేం ఏళ్ల తరబడి కిరాయికి ఉంటున్నాం. ఆమెది గోదావరి పక్క, మాది నల్లగొండ పక్క. ఆమెనని ఏం లాభం? ఒకప్పుడు నెలన్నర పాటు మా వంటింట్లోంచి పొద్దూమాపూ సొరకాయ వాసన తప్ప ఇంకోటి రాలేదు. ఎందుకు రాలేదో ఆమెకేం తెలుసు.

ఇంటర్ అయిపోగానే తమ్ముడు మిలిటరీకి పోతానన్నాడు. నాన్న పండ్ల మార్కెట్లో ట్రాలీ ఆటో నడిపేవాడు. మార్కెట్ అప్పటికింకా కొత్తపేటలోనే ఉంది. ఆయన ఔననలేదు, కాదనలేదు. అమ్మ మాత్రం ససేమిరా అంది. కానీ అమ్మ అరిచి గోల చేసే మనిషి కాదు. నోరు మూసుకుని తన పని తాను చేసుకుపోయే రకం. అలాంటివాళ్లతోనే కష్టం.

భర్తీకి యాభై కిలోల బరువుండాలట. నాన్న వాణ్ణి మార్కెట్‌కు తీసుకుపోయి, బత్తాయి బస్తాలు తూచే కాంటా మీద నిలబెట్టాడు. నలభై ఎనిమిది. అక్కడి హమాలీ వాణ్ణి కిందికీ మీదికీ చూసి, బత్తాయిలైతే ఈ సరుకు వాపస్ పంపేవాళ్లమన్నాడట. ఇంటికొచ్చి తమ్ముడు మొహం వేలాడేసుకుంటే, అమ్మ మొహం మాత్రం వెలిగిపోయింది.

మర్నాటి నుంచి మొదలైంది సొరకాయ. కూర, పప్పు, పులుసు, పచ్చడి. గుడ్డు తింటే వేడి చేస్తుందంది. నెయ్యి గిన్నె ఎక్కడికి మాయమైందో దేవుడికే తెలియాలి. పిల్లాడు గాలికి ఎగిరిపోయేలా ఉన్నాడు, కాస్త మినప సున్నుండలు చేసి పెట్టమని ఓనరమ్మ మెట్ల దగ్గర ఆపి మరీ చెప్పింది. అమ్మ బుద్ధిగా తలూపి, పైకొచ్చి ఇంకో సొరకాయ కోసింది. దానికి తోడు వీడు తెల్లవారకముందే లేచి చైతన్యపురి నుంచి ఎల్బీనగర్ దాకా పరుగు. హాస్టల్ పిల్లలు బండి దగ్గర ఇడ్లీ ప్లేట్లు పట్టుకుని వీణ్ణి వింతగా చూసేవాళ్లు. తిండి లేదు, పరుగుంది. బరువెక్కడినుంచి వస్తుంది?

నేనప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో పనిచేసేదాన్ని. ఒకరోజు వాడు దుకాణం ముందుకొచ్చి నిలబడ్డాడు.

"అక్కా, పరుగుల ఓడిపోతె ఓడిపోయిన అనుకుంట. కాంటా మీద ఓడిపోతె ఎట్ల తిరగాలె బజార్ల?" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది, జాలీ వేసింది. అమ్మకు తెలియకుండా వాడి పక్షం చేరిపోయాను.

భర్తీలో మొదటిరోజు పరుగు నెగ్గాడు. తూకం రెండో రోజు. ఆ ముందు సాయంత్రం మార్కెట్ కాంటా ఎక్కితే మళ్లీ అదే నలభై ఎనిమిది. పొద్దున్నే డజను అరటిపండ్లు పట్టుకుని ఎల్బీనగర్ బస్టాపులో కాపు కాశాను. ఏడు పండ్లు తిని వాడు కళ్లు తేలేశాడు. లోపల జాగ లేదక్కా అన్నాడు. ఇంట్లోంచి ఖాళీ కడుపుతో వచ్చినవాడికి జాగ లేకపోవడమేమిటి, నాటకాలా అని తిట్టి మిగతా అయిదూ తినిపించాను. పక్కన కూర్చున్న పెద్దాయన మమ్మల్ని చూసి, సంచీ తీసుకుని చివరి బెంచీకి పోయాడు. తమ్ముడు నెలలు నిండినదానిలా నడుం పట్టుకుని బస్సెక్కాడు.

మధ్యాహ్నం వచ్చాడు. యాభై కిలోలా రెండు వందల గ్రాములు! కాంటా దిగగానే ఒంటికి పోవడానికి ఉరికిన ఉరుకు, ముందురోజు పరుగులో కూడా ఉరకలేదట. అరటిపండ్లకు అలా ఎందుకయిందిరా అని అమ్మ వినకుండా అడిగితే, వాటిలో నీళ్లుంటాయక్కా అని పళ్లికిలించాడు. అమ్మ మిగిలిన సొరకాయ తీసుకెళ్లి ఓనరమ్మకిచ్చి, వచ్చి కోడికూర వండింది.

ఆరేళ్లు చేశాడు ఉద్యోగం. సెలవుకొచ్చినప్పుడల్లా బలిసి వచ్చేవాడు. తర్వాత యుద్ధం వచ్చింది. పెట్టెలో వచ్చాడు. దాని గురించి ఇంతకంటే రాయడం నా వల్ల కాదు.

టీవీలో ఆ వార్త చూసినవాళ్లు పరామర్శకు వస్తూ వస్తూ సొరకాయ పప్పు గిన్నెలు తెచ్చారు. పాపం, ప్రేమతోనే. వారం రోజులు అదే తిన్నాం. కొడుకును దేశానికిచ్చిన తల్లి అని ఎవరో అంటే అమ్మ, నేను ఇయ్యలేదు, వాడే పోయిండు అంది. పక్కనే ఉండి విన్నాను. వాడు పోలేదు, నేను పంపాను. పన్నెండు అరటిపండ్లు పెట్టి పంపాను. ఆ మాట అమ్మకు ఎలా చెప్పాలో తెలియక నెలల తరబడి ఆమె కళ్లలోకి చూడలేకపోయాను.

బతుకమ్మ మొదలయ్యే పెత్తర అమాస వచ్చింది. ఆ రోజు ఇంట్లో చనిపోయిన పెద్దల పేరు మీద బియ్యం, కూరగాయలు అయ్యగారికిస్తాం. ఇరవై నాలుగేళ్ల వెధవ పెద్దల్లో ఎలా కలుస్తాడని నాకు మళ్లీ కోపం. చేటలో అమ్మ బియ్యం పోసి బెండకాయలు, వంకాయలు, చింతపండు సర్దింది. సొరకాయ పెట్టలేదు. అరటిపండ్లు పెట్టమని నాకందించింది. పండ్లు చేతిలోకి రాగానే నావల్ల కాలేదు. ఏడుస్తూ మొత్తం చెప్పేశాను, బస్టాపు, డజను, తిట్టి తినిపించిన ఆఖరి అయిదు.

అమ్మ నా చేతిలోని అరటిపండ్లు తీసుకుని చేటలో పెట్టింది.

"నువ్వొక్కదానివే అనుకుంటున్నవా బిడ్డా? ఆ పొద్దుగాల వాడు గడప దాటుతుంటె మొహం చూడలేకపోయిన. నెలన్నర సంది ఎండబెట్టిన గద. పిలిచి రెండు చెంబుల నీళ్లు తాపిన. తూకమయ్యేదాక ఒంటికి పోకు అని చెప్పిన. అక్కకు చెప్పకు, నవ్వుతదన్న."

నలభై ఎనిమిదికి డజను అరటిపండ్లు కలిపితే యాభై కాదు. ఆ చిన్న లెక్క ఇన్నేళ్లూ నేను వేయనే లేదు. దొంగసచ్చినోడు, నా సంగతి అమ్మకు చెప్పలేదు, అమ్మ సంగతి నాకు చెప్పలేదు. నేను పంపానంటే నేను పంపానని ఇద్దరం కాసేపు కొట్లాడుకున్నాం, ఏడ్చాం. ఆఖరికి ఆ బస్టాపు పెద్దాయన తలపుకొచ్చి నవ్వాం కూడా.

అమ్మ లేచి వంటింట్లోకి పోయి రెండు చెంబుల నీళ్లు తెచ్చి చేట పక్కన పెట్టింది.

"తాగు కొడుకా," అంది. "ఇగ ఆపుకునే పని లేదు."