తొక్కరాని కాగితం

మా ఇంటికి ఒకసారి పింగాణీ కప్పుల పెట్టె వచ్చింది. మా ఆవిడ పెట్టె విప్పి, కప్పులను తీసి పక్కన పెట్టేసి, వాటి చుట్టూ కుక్కి ఉన్న అట్టముక్కను చేతిలోకి తీసుకుంది. పాత అట్టపెట్టెనే సన్నగా చీలికలు చీల్చి, లాగితే వలలా సాగేటట్టు చేసిన ముక్క అది. దాన్ని లాగుతుంది, వదులుతుంది, మోచేత్తో నొక్కి మళ్ళీ పైకి లేస్తుందా లేదా అని చూస్తుంది. నేను కాఫీ అడిగితే వినపడలేదు. ఆ పూట కాఫీ మా అమ్మ పెట్టింది.

మాది నంద్యాలలో ప్యాకింగ్ సామాన్ల అంగడి. థర్మాకోల్, బుడగల ప్లాస్టిక్, టేపులు, తాళ్ళు, ఖాళీ పెట్టెలు. మా నాయన పెట్టిన అంగడి. సరుకు తెచ్చి అమ్మడం తప్ప తయారుచేయడం మా వంశంలో ఎవరూ ఎరగరు. అలాంటి ఇంట్లో ఈవిడ, ఊళ్ళో అంగళ్ళవాళ్ళు చించి వీధిలో పారేసే అట్టలతో మెత్తలు తయారుచేస్తానని కూర్చుంది. చెత్త కొని చెత్త అమ్ముతావా అని నేను ఎగతాళి చేశాను. ఆమె చెవిన వేసుకోలేదు. నా మాటలు చెవిన వేసుకోకపోవడంలో ఆమెకు పెళ్ళయిన నాటినుంచీ మంచి సాధన ఉంది.

నూనెపల్లె దగ్గర ఒక రేకుల షెడ్డు బాడుగకు తీసుకుంది. అట్టను వలలా చీల్చే మిషను ఒకటి, పాత పుస్తకాల కాగితాన్ని సేమియాలా కత్తిరించేది ఒకటి, గోధుమరంగు కాగితపు చుట్టను లోపలికి లాక్కుని ముడతలు ముడతలుగా బయటికి వదిలేది ఒకటి. ఆ మూడోదాని ముందు మొదటిసారి నిలబడినప్పుడు మాత్రం నా ఎగతాళి కాస్త తగ్గింది. పలచగా లోపలికి పోయిన కాగితం బొద్దుగా, బలంగా బయటికి వస్తోంది. అదే కాగితం, అదే బరువు. ముడత పడేసరికి దానికి ఎక్కడలేని ఓర్పు వచ్చింది. సామానును కాచేది కాగితం కాదు, ముడతల్లో అది పట్టుకున్న గాలి అని మా ఆవిడ నాకు చెప్పింది. ఇన్నేళ్ళు ప్యాకింగ్ సామాన్లు అమ్మిన నాకు ఆ సంగతి ఎప్పుడూ తట్టలేదు.

పనికి వచ్చిన ఆడవాళ్ళలో అందరికంటే పెద్దావిడది మిడుతూరు వైపు. అందరం అవ్వ అనే పిలిచేవాళ్ళం. వయసులో ఉన్నప్పుడు పత్తి బోరేల్లోకి, అంటే పెద్ద పెద్ద గోతాల్లోకి, దిగి పత్తిని తొక్కిన మనిషి. ఇప్పటికీ ఆమె కాళ్ళలో ఉన్న సత్తువ నా చేతుల్లో లేదు.

షెడ్డు పని గురించి ఆళ్ళగడ్డ దాకా తెలిసింది. ఆళ్ళగడ్డలో విగ్రహాలు చెక్కే పెద్దాయన ఒకాయన వెతుక్కుంటూ వచ్చాడు. బళ్ళారి అవతల ఒక ఊరి గుడికి వేణుగోపాలస్వామిని చెక్కుతున్నాడు. నల్లరాయి, ఒకే రాయి. పిల్లనగ్రోవి, దాని మీద వేళ్ళు, అన్నీ అందులోంచి వచ్చినవే. ఇన్నాళ్ళూ వరిగడ్డిలో పెట్టి పంపేవాడట. గడ్డి దారిలో అణిగిపోతోందని, వాన తగిలితే ముక్కిపోతోందని ఆయన బాధ. వేలు విరిగినా, పిల్లనగ్రోవి కొస విరిగినా ఆ విగ్రహం ఇక గుళ్ళోకి పోదు. విరిగినదానికి ప్రతిష్ఠ లేదు.

మా ఆవిడ ఒప్పుకుంది. చెక్కపెట్టె అడుగున కత్తిరించిన కాగితం మందంగా పోసి, బోరెం తొక్కినట్టు గట్టిగా తొక్కి, ఆ తర్వాతే విగ్రహాన్ని పడుకోబెట్టాలని పనివాళ్ళకు మరీ మరీ చెప్పింది. ఆ రోజు మేము ప్రొద్దుటూరులో బంధువుల పెళ్ళికి పోవాల్సి ఉండి, అవ్వనూ మిగతావాళ్ళనూ ఆళ్ళగడ్డకు పంపించాం. పెట్టె కట్టారు. లారీ పోయింది.

పిల్లనగ్రోవి విరిగింది. వేలితో సహా.

పెట్టె తిరిగి ఆళ్ళగడ్డకు వచ్చిందని తెలిసి ఇద్దరం పోయాం. నాకు తల కొట్టేసినట్టుంది. మా ఆవిడ మాత్రం విగ్రహాన్ని చూడకుండా పెట్టెలోకి వంగి, అడుగున ఉన్న కాగితాన్ని పిడికిలితో తీసింది. అది తొక్కిన కాగితం కాదు. పూలు చల్లినట్టు పొడిపొడిగా ఉంది. స్వామి అందులో కూరుకుపోయి, గతుకు గతుకుకీ జరిగి జరిగి పెట్టె గోడకు తగిలాడు.

పెద్దాయన అరుస్తాడనుకున్నాను. అరిచి ఉంటే బాగుండేది. ఆయన మా ఆవిడనే చూస్తూ అన్నాడు.

"తప్పు ఎవురిదో నాకొద్దు తల్లీ. ముహూర్తం ఎనక్కి జరుపుకుంటామన్నారు గుడోళ్ళు. ఇంకోటి చెక్కుతా. మూడోది మాత్రం నా చేతుల్లో లేదు. నువ్వు మళ్ళా కడతావా, కట్టవా, అది చెప్పు."

ఆ చేతులను అప్పుడు చూశాను. ఉలి పట్టని వేళలో కూడా వేళ్ళు ఉలిని పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి, సన్నగా వణుకుతున్నాయి. కడతానంది మా ఆవిడ.

షెడ్డుకు వచ్చి, ఎందుకు తొక్కలేదని అందరినీ అడిగింది. అవ్వే జవాబు చెప్పింది.

"అచ్చరాలున్న కాగితాన్ని ఎట్ల తొక్కేదమ్మా? బడిపిల్లోళ్ళ పుస్తకాలాయె. అందులోనూ సామి పండుకునే చోటు. చేతుల్తోనే ఒత్తినాం."

నిజమే కదా. షెడ్డులో పొద్దస్తమానం అదే చూస్తున్నాం. చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని కాగితపు కుప్పల మధ్య గెంతుతూ నడిచేవాళ్ళు. పొరపాటున కాలు తగిలితే వంగి, వేళ్ళతో తాకి కళ్ళకద్దుకునేవాళ్ళు. సరస్వతి మరి. కాగితం తొక్కమని చెప్పిన మా ఆవిడే కాలికి కాగితం తగిలితే మొక్కుకునేది. తను అక్కడ ఉన్నా తొక్కి ఉండేదాన్ని కాదని ఒప్పుకుంది. ఇంకా కళ్ళు తెరవని విగ్రహం కదా, అప్పటిదాకా రాయే కదా అని నేను లాయరు పాయింటు తీశాను. అవ్వ నన్ను ఎగాదిగా చూసింది.

"కడుపులో బిడ్డ కండ్లు తెరుచుకొని ఉంటాదా నాయనా? అట్లని తొక్కుతామా?"

లాయరు పని అక్కడితో మానుకున్నాను.

ఆ తర్వాత మా ఆవిడ కాలుగాలిన పిల్లిలా షెడ్డులో తిరుగుతుండేది. తిండి మీద ధ్యాస లేదు. ఒక ఉదయం సిమెంటు తొట్టి నిండా నీళ్ళు పెట్టించి, బడి పుస్తకాలూ, పేపర్లూ, అట్టముక్కలూ అన్నీ అందులో వేయించింది. మర్నాటికి అక్షరాలు లేవు, గీతలు లేవు. బూడిదరంగు ముద్ద. దాన్ని చేత్తో ఎత్తి అవ్వకు చూపించి, ఇప్పుడేమంటావని అడిగింది. అవ్వ ముద్దను పిసికి చూసింది, వాసన చూసింది. వినాయకుణ్ణి నీళ్ళలో కలిపినాక మట్టి మట్టే కదా అంది. కాళ్ళు కడుక్కుని, తొట్టికి ఒక దండం పెట్టి, దిగింది. ఆమె వెనక మిగతావాళ్ళు దిగారు. చివరకు మా ఆవిడ కూడా చీర బిగించి దిగింది. గోడకు మట్టి తొక్కినట్టు తొక్కారు. నవ్వులతో షెడ్డు రేకులు ఎగిరిపోతాయనిపించింది. అంత సంతోషం మా అంగడిలో నేనెప్పుడూ చూడలేదు.

పెద్దాయన రెండో విగ్రహం ముగించే వేళకు గుజ్జును డ్రమ్ముల్లో ఆళ్ళగడ్డకు చేర్చాం. దానికి అచ్చు కావాలి. అచ్చు ఆయనే చూపించాడు. కొట్టం మూల పడుకోబెట్టి ఉన్న విరిగిన వేణుగోపాలుడే. కొత్త విగ్రహం కొలతలు కూడా అవే. విరిగిన పిల్లనగ్రోవికి కొయ్యతో కొస చేసి తొడిగాడు. గుజ్జు ఎండితే బిగుసుకుంటుందని, ఆ బిగువుకు చోటు ఉండాలని మా ఆవిడ చెబితే, ఆయన తన ఉతికిన పంచె తెచ్చి విగ్రహానికి మడతలు పడకుండా చుట్టాడు. పంచె మీద ప్లాస్టిక్ కాగితం, దాని మీద గుజ్జు. పొరమీద పొర అద్దుతూ, బట్టతో నీళ్ళు పిండుతూ, అరచేతులతో చరుస్తూ పోయారు. సగం ఆరాక ఊడదీసి ఎండలో పెట్టారు. వీపు వైపు ఒక చిప్ప, ముందు వైపు ఒక చిప్ప. ఆళ్ళగడ్డ ఎండను తిట్టుకోని మనిషిని నేను చూడలేదు. ఆ వారం మేమంతా దాన్ని పొగిడాం.

మొదటి చిప్ప ఎండి, ఒక పక్కకు వంకర తిరిగింది. దాన్ని మళ్ళీ నానబెట్టి, తొక్కి, మళ్ళీ అద్దారు. కాగితంలో నాకు నచ్చింది ఇదే. చెడిందని అలగదు. రాయికి ఒక్కసారే అవకాశం. కాగితం నీళ్ళు పోస్తే మళ్ళీ మొదటినుంచి మొదలుపెడుతుంది.

సరిగ్గా ఎండిన చిప్పల్లో కొత్త స్వామి చక్కగా ఒదిగాడు. చిప్పల చుట్టూ ముడతల కాగితం, దాని చుట్టూ సాగే అట్ట కుక్కి, పెట్టె బిగించారు. పెద్దాయన పెట్టెను రెండు చేతులతో ఊపబోయాడు. లోపల ఏమీ కదల్లేదు.

గుళ్ళో విగ్రహానికి ఉలితో కళ్ళు తెరిపించాల్సింది ఆయనే కాబట్టి ఆయనా వచ్చాడు. లారీ వెనకే కారులో మేం ముగ్గురం. కోవెలకుంట్ల దాటి, కొలిమిగుండ్ల దగ్గర నాపరాళ్ళ లారీలు తిరిగి తిరిగి గుంతలు చేసిన రోడ్డు మీద మా లారీ ఎగిరెగిరి పడుతుంటే, ముందు సీట్లో ఆయన కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. మా ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. గాజుల చేతికి అంత పట్టు ఉందని నాకు తెలియదు. నాకూ భయంగానే ఉంది. నా భయం సరుకు గురించి కాదు, ఆ ముసలి చేతుల గురించి.

గుడి ముందు పెట్టె విప్పారు. పై చిప్ప లేపారు. పెద్దాయన వంగి, పిల్లనగ్రోవి మీద బొటనవేలు పెట్టి, ఒక్కో వేలినీ దాటుకుంటూ కొసదాకా నెమ్మదిగా జరిపాడు. కొస ఉంది. ఆయన అక్కడే మట్టిలో కూలబడి, మా ఆవిడకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఆమె గబగబా పోయి ఆ చేతులు పట్టుకుని దించింది. నాకు ఏడుపొచ్చింది. దుమ్ము పడిందన్నట్టు కళ్ళు తుడుచుకున్నాను గానీ, ఎవరూ నన్ను చూడటం లేదు.

స్వామిని నీళ్ళలో ఉంచే జలాధివాసానికి ఎత్తుకుపోయారు. జనమంతా వెనకే పోయారు. ఖాళీ పెట్టె పక్కన కింది చిప్ప పడి ఉంది. అందులో వీపు గుంట, మోచేతి గుంట, మడమల గుంట స్పష్టంగా ఉన్నాయి. మా ఆవిడ చెంగు సర్దుకుంటూ వెనక్కి అడుగు వేసింది. మడమ చిప్ప అంచుకు తగిలింది. వెంటనే వంగి, దాన్ని తాకి, కళ్ళకద్దుకుంది.

తొట్టిలో దిగి తొక్కింది నువ్వే కదా, ఇప్పుడేం మొక్కుతావని నవ్వాను. ఆమె నవ్వలేదు.

"అప్పుడు గుజ్జు. ఇప్పుడు సామి పండుకొని లేసిన చోటప్పా ఇది."

నేనూ వంగి, ఆ చిప్పను తాకి కళ్ళకద్దుకున్నాను. నా కాలు దానికి తగలనే లేదు.