తుపాకి మూటతో ఏడు మైళ్ళు

ఒడెల్లా హౌగెన్ మోంటానాలోని టామరాక్ అనే చిన్న ఊళ్ళో పందొమ్మిదేళ్ళుగా బడి బస్సు నడుపుతోంది. మనిషి పొట్టి, గొంతు పెద్దది. చలికాలమంతా ఆ ఇంట్లో ఉడికేది ఎల్క్ దుప్పి మాంసమే. అంగట్లో మాంసం కొనడమంటే ఆమెకు నామోషీ.

ఏటా అక్టోబరులో భర్త ఆరిన్‌తో కలిసి కోల్డ్‌వాటర్ లోయకు వేటకు వెళ్ళేది. తొంభై మూడులో ఆరిన్ గుండె ఆగి పోయాడు. మరుసటి వసంతంలో వరద వచ్చి లోయకు వెళ్ళే వంతెన కొట్టుకుపోయింది. ఇక మిగిలింది ఒకటే దారి, జాతీయ పార్కు గుండా ఏడు మైళ్ళు. పార్కు దాటాక ఎవరైనా వేటాడుకోవచ్చు. పార్కులో మాత్రం అనుమతి కాగితం లేకుండా తుపాకి దొరికితే నేరమే.

ఆమె వంటింటి బల్ల దగ్గర దరఖాస్తు రాస్తుంటే మరిది థర్లో పకపకా నవ్వాడు.

"కాగితాలేంటి వదినా, కోర్టుకెళ్తున్నావా? దుప్పట్లో చుట్టి పట్టుకుపోదాం. అన్నయ్య ఒంటరిగా వెళ్ళినప్పుడు, దగ్గరదారని పార్కులోంచి అలాగే పోయేవాడుగా!"

"పోయాడు. ఎనభై ఏడులో దొరికాడు కూడా. మీ నాన్న తుపాకి పార్కువాళ్ళ పాలైంది. ఆ తర్వాత ఆరేళ్ళు బతికాడు, ఒక్కసారైనా దాని ఊసెత్తాడా? సిగ్గుతో లోపల్లోపలే కుమిలిపోయాడు. నేను తలెత్తుకునే వెళ్తాను. వస్తే రా, లేదంటే ఇంట్లో కూర్చుని చిక్కుళ్ళు ఉడకేసుకో."

దరఖాస్తు పట్టుకుని ఆమె పార్కు ఆఫీసుకు వెళ్ళింది. బల్ల వెనక లెలాండ్ ప్రూయిట్ అనే రేంజరు ఉన్నాడు. నెరిసిన మీసం, నిదానమైన మాట. కాగితం మీద పేరు చూసి కళ్ళజోడు తీశాడు.

"హౌగెన్ అంటే... ఆరిన్ హౌగెన్ భార్యా మీరు? అమ్మా, ఆ రోజు ఆయన్ని పట్టుకుంది నేనే."

"తెలుసండీ. అందుకే మీ దగ్గరికే వచ్చాను."

ప్రూయిట్ కళ్ళజోడు తుడిచి పెట్టుకుని, దరఖాస్తు చివరిదాకా చదివాడు. "ఈ కాగితం అడిగినవాళ్ళు వచ్చి నాలుగేళ్ళయింది" అన్నాడు. "కొందరు దొంగచాటుగా పోతారు, మిగతావాళ్ళు వేటే మానేస్తారు. అడగొచ్చని ఎవరికీ తెలీదు. మేమూ చెప్పలేదనుకోండి." తర్వాత షరతులు చెప్పాడు. తుపాకి ఖాళీగా ఉండాలి, తూటాను లోపలికి నెట్టే బోల్టు ఊడదీసి వేరే మూటలో పెట్టాలి, తూటాలు ఇంకో మూటలో ఉండాలి, దారి తప్పి పక్కకు అడుగు వెయ్యకూడదు. ఒడెల్లా సరేనని సంతకం పెట్టి, అనుమతి కాగితం తీసుకుంది.

అక్టోబరు మూడో వారంలో, తెల్లవారాక, రెండు కంచరగాడిదల మీద సామాను కట్టుకుని వదినా మరిదీ పార్కులో అడుగుపెట్టారు. రెండో మైలు దగ్గర, రాయి విసిరేంత దూరంలో, పెద్ద కొమ్ముల మగ ఎల్క్ గడ్డి మేస్తూ తలెత్తి చూసింది.

"మనల్ని వెక్కిరించడానికే నిలబడింది వదినా" అని పళ్ళు నూరాడు థర్లో.

"మేయనీ. అది దాని ఇల్లు."

నాలుగో మైలు దగ్గర దారి మలుపు తిరగ్గానే గాడిదలు బిగుసుకుపోయాయి. అరవై అడుగుల్లో, దారికి అడ్డంగా, ఆడ ఎలుగుబంటి. దాని వెనక రెండు పిల్లలు పొదలోని పళ్ళు దూసుకుంటున్నాయి. థర్లో చెయ్యి తుపాకి మూట మీదికి పోయింది.

"ముట్టుకోకు" అంది ఒడెల్లా, గొంతు పెంచకుండా. "బోల్టు ఒక మూటలో, తూటాలు ఇంకో మూటలో. నువ్వు ముడి విప్పేలోపు అది నీ పేగులు విప్పుతుంది. మాట్లాడుతూ మెల్లగా వెనక్కి నడువు."

"ఏం మాట్లాడను?"

"ఏదో ఒకటి!"

ఆమె ఎలుగుల మీద మిరపఘాటు చిమ్మే డబ్బా ఒక చేత పట్టుకుని, బస్సెక్కే పిల్లల పేర్లు వరసగా చదవడం మొదలుపెట్టింది. మలుపు దగ్గర ఎక్కేవాళ్ళు, మిల్లు దగ్గర ఎక్కేవాళ్ళు, చర్చి దగ్గర ఎక్కేవాళ్ళు. థర్లోకి ఇంకేమీ తోచక, తన రంపపు మిల్లులో పనివాళ్ళని ఒక్కొక్కరినే తిట్టుకుంటూ వెనక్కి జరిగాడు. ఎలుగు రెండు కాళ్ళ మీద లేచి గాలి పసిగట్టింది. ఒడెల్లా పేర్లు ఆపలేదు. ముప్పయ్యో పేరు దగ్గర ఎలుగు నాలుగు కాళ్ళ మీదకి దిగి, పిల్లల్ని తోలుకుని వాగు వైపు వెళ్ళిపోయింది.

థర్లో దారి మధ్యలోనే కూలబడ్డాడు. "మిల్లులో తిట్టడానికి ఇంకెవరూ మిగల్లేదు వదినా!"

ఆమెకు నవ్వొచ్చింది. ఆరిన్ పోయాక అంత గట్టిగా నవ్వడం అదే మొదలు. గంటసేపు ఆగి, మళ్ళీ కదిలారు.

పార్కు హద్దు దాటాక తుపాకులు బిగించుకున్నారు. థర్లో రెండుసార్లు గురి తప్పాడు. మూడో రోజు పొద్దున్న రెండు వందల అడుగుల్లో కనబడిన ఆడ ఎల్క్‌ను ఒడెల్లా ఒక్క దెబ్బకు పడగొట్టింది. దగ్గరికి వెళ్ళి, మోకాలి మీద కూర్చుని, ఇంకా వెచ్చగా ఉన్న మెడ మీద చెయ్యి వేసింది. తర్వాత చొక్కా చేతులు మడిచి కత్తి తీసింది.

తిరుగుదారిలో, పార్కు హద్దు దగ్గర ప్రూయిట్ గుర్రం మీద ఎదురొచ్చాడు. ఆయన అడగకముందే థర్లో మూటలన్నీ విప్పి చూపించాడు. "చూడండి, బోల్టిక్కడ, తూటాలక్కడ. ఎలుగు మీదికొచ్చినా విప్పలేదు!"

"విప్పాలనిపించలేదా?"

"అనిపించిందండీ. మా వదిన విప్పనిస్తేగా!"

ప్రూయిట్ టోపీ తీసి ఒడెల్లా వైపు తల వంచాడు. "వసంతంలో ఆఫీసుకు రండమ్మా. ఈ దరఖాస్తు ఎలా పెట్టాలో ఊరివాళ్ళకి తెలిసేలా ఒక కాగితం రాద్దాం. మీకు తెలిసిన మాటల్లో."

ఆ కాగితాన్ని ఇద్దరూ రెండు మధ్యాహ్నాలు కూర్చుని రాశారు. ఒడెల్లా కష్టమైన మాటలన్నీ కొట్టేయించింది. అది కిరాణా కొట్టు తలుపు మీద అంటించిన మొదటి నెలలోనే పదిహేను మంది దరఖాస్తు పెట్టారు. వాళ్ళలో ఆరిన్‌లాగే దుప్పట్లో చుట్టి పోయినవాళ్ళూ ఉన్నారని ఆమెకు తెలుసు. ఎవర్నీ ఏమీ అనలేదు.

మరుసటి అక్టోబరులో పార్కు దారి మొదట్లో తొమ్మిది గాడిదలు బారులు తీరాయి. కొత్తవాళ్ళకి మూటలు ఎలా కట్టాలో థర్లో చేతులు తిప్పుతూ పాఠం చెబుతున్నాడు.

"ఇక చాలు, పొద్దెక్కుతోంది" అని కేకేసి, ఒడెల్లా ముందుగా దారిలోకి నడిచింది.